బాలింత గదిలో ఏసీ

గురజాల,
13 ఏప్రిల్ 2025, ఆదివారం.

సుకన్య వదినగారికి,

నమస్కారం పెట్టకుండా మొదలుపెడితే బాగుండదు కాబట్టి నమస్కారం.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని మీరు ముక్కు విరుస్తారేమో. నా పని కాదు, మీ కోడలి ఆజ్ఞ. శుక్రవారం మనిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నది మాటలు కాదట, కుళాయి దగ్గర పోట్లాటట. నా గొంతుకి పసివాడు ఉలిక్కిపడి లేచాడు. "ఇయ్యాల్టి నుంచి మీ ఇద్దరికీ ఫోన్ బంద్. ఏం తిట్టుకోవాలన్నా కాయితం మీద తిట్టుకోండి, ఆదివారం ఆయన వచ్చినప్పుడు ఇచ్చి పంపండి" అని నా ఫోన్లోంచి మీ నంబరు తీసేసింది ఇంద్రజ. బ్యాంకులో ఆఫీసరుగా చేసే మీ అబ్బాయి ఇట్లా మనకి పోస్ట్‌మాన్ అయ్యాడు. వరండాలో కాఫీ తాగుతున్నాడు, ఈలోపు రాసెయ్యాలి.

వదినగారూ, మొదటి కాన్పు పుట్టింటిది. ఆస్పత్రి మాది, మందులు మావి, బారసాల మాది. అట్లాంటప్పుడు నాతో ఒక్క మాట చెప్పకుండా, అల్లుడి గదిలో గోడకున్న ఏసీ విప్పి, ఆటోలో వేసి, బిగించే మనిషితో సహా మా వాకిట్లోకి పంపారే, దాన్ని ఏమనుకోమంటారు? ఆటో ఆగగానే ఎదురింటి వాళ్ళు అడిగారు. "ఏందక్కా, అల్లుడోళ్ళు సామాను పంపిస్తన్నారు, మీ ఇంట్లో ఉక్కకి తట్టుకోలేకనా?" నేను ఏం చెప్పాలి? నాలుగెకరాల మిరప వేసేవాళ్ళం, కూతురి కాన్పుకి ఒక ఏసీ కొనలేని వాళ్ళమా? వచ్చే వారం కొందామని మా ఆయన అనుకుంటూనే ఉన్నారు.

పంపితే పంపారు. దాంతో పాటు ఆ కాగితం ఎందుకు? తొమ్మిది నియమాలు! ఇరవై ఆరుకి తగ్గించకూడదు, ఫ్యాను మెల్లగా వెయ్యాలి, పడమటి కిటికీకి మందం పరదా కట్టాలి, తలుపు సందుల్లో గుడ్డ కుక్కాలి, డాబా మీద సున్నం కొట్టించాలి... ఇంతా చేసి రిమోట్‌లో అంకె తగ్గించే బొత్తాం మీద దెబ్బకి వేసే ప్లాస్టర్ అంటించి పంపారు. మా ఆయన అది చూసి, "వియ్యపురాలు ఏసీ పంపిందా, హెడ్‌మాస్టర్ని పంపిందా?" అన్నారు. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మీ అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. నా కుడికంటికి ఇంకా శుక్లం ఆపరేషన్ కాలేదు. మీ కాగితం ఇంద్రజే చదివి వినిపించింది. ఇక మీద ఏం రాసినా అదే చదవాలి.

కోటమ్మ


నరసరావుపేట,
19 ఏప్రిల్ 2025, శనివారం.

కోటమ్మ వదినగారికి,

మీ నమస్కారం అందింది. దాని వెనకాల వచ్చినవన్నీ కూడా అందాయి.

ఇంద్రజది ఆపరేషన్ కాన్పు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మీ నడిమి గది పడమటి గోడ దీపాలు పెట్టే వేళకి కూడా చెయ్యి ఆననివ్వదు, పెళ్ళిచూపుల నాడే చూశాను. వచ్చే వారం కొందామనుకున్నారన్నారు. ఎండ వచ్చే వారం దాకా ఆగుతుందా? నా కొడుకు గదిలోది విప్పి పంపాను, వాడు ఇప్పుడు ఫ్యాను కింద పడుకుంటున్నాడు. ఇది అవమానమైతే ఇంక గౌరవం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.

ఇక ఆ కాగితం. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, కాగితం రాయకుండా ఉండలేను. పద్దెనిమిది పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు వదినా. మిషను ఆగే చోటు మాత్రమే మారుతుంది. ఆగకుండా తిరుగుతుంది, మీటరూ దాంతో పాటే తిరుగుతుంది. ఇరవై ఆరు పెట్టి పైన ఫ్యాను మెల్లగా వేస్తే ఒంటికి అంతే హాయి. ఎండ లోపలికి రాకుండా, చల్లదనం బయటికి పోకుండా చూసుకుంటే సగం పని ఏసీ లేకుండానే అయిపోతుంది. మా వీధిలో ఏసీ ఉన్న ఇళ్ళన్నిటిలోకీ మా బిల్లే తక్కువ. దీన్ని మీరు పిసినారితనం అంటారు, నేను చదువు అంటాను. ప్లాస్టర్ కూడా మిమ్మల్ని ఉద్దేశించి కాదు. అన్నయ్యగారు చలవ కోసం ఏది పడితే అది నొక్కుతారని మా విశాలే అన్నాడు.

ఆ ప్లాస్టర్ పీకేశారని, పద్దెనిమిది పెట్టి ఫ్యాను ఆపేశారని కూడా విశాలే చెప్పాడు. మీ ఇష్టం.

ఇంకో సంగతి. ఇది నా కాగితంలో లేదు, ఎందుకంటే ఇది సైన్సు కాదు, మా ఇంటి పద్ధతి. పిల్లవాడికి నీళ్ళు పోశాక సాంబ్రాణి వెయ్యాలి, పొద్దునా సాయంత్రమూ. విశాల్‌కి మా అత్తగారు మూడు నెలలు వదలకుండా వేశారు, వాడి జుట్టు ఇప్పటికీ ఎట్లా ఉందో చూడండి, జలుబన్నది ఎరగడు. కుంపట్లో బొగ్గులు బాగా రాజేసి, తలుపులు బిగించి వెయ్యండి. పొగ బయటికి పోతే వేసీ వెయ్యనట్టే. మంచి రకం సాంబ్రాణి పొట్లం విశాల్‌తో పంపుతున్నాను. మంగళవారం బారసాలకి వచ్చినప్పుడు వాడి తల వాసన చూస్తాను, వేశారో లేదో తెలిసిపోతుంది.

సుకన్య


గురజాల,
27 ఏప్రిల్ 2025, ఆదివారం.

సుకన్య వదినగారికి,

బారసాల బాగా జరిగిందని ఊరంతా అంది. మీరు ఒక్కరు తప్ప.

పిల్లవాణ్ణి ఉయ్యాల్లో వేశాం, పేరు మూడుసార్లు పిలిచాం, మీ వాళ్ళందరికీ విస్తళ్ళు వేశాం. మీరేమో గదిలోకి వచ్చి ఏసీ ముందు చెయ్యి పెట్టి, మీ తోడికోడళ్ళ ముందు, "ఇప్పుడే వేశారా వదినా, మేం వస్తన్నామనా?" అన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పూట ఆ తలుపు ఎన్నిసార్లు తెరిచారో మీకు తెలుసా? వచ్చిన ప్రతి ముత్తయిదువా పిల్లవాణ్ణి చూడ్డానికి తీసింది. మీరే నాలుగుసార్లు తీశారు.

అందరి ముందూ అన్నారు గదా, ఇప్పుడు నా మాట వినండి. ఆ ఏసీని నేను పగలూ రాత్రీ ఆపింది లేదు. పద్దెనిమిదే పెట్టాను. ప్లాస్టర్ పీకింది మా ఆయన కాదు, నేను. ఎందుకు పీకానంటే, అల్లుడు వచ్చి చూస్తే కరెంటు బిల్లుకి జంకే ఇల్లు అనుకోకూడదని. ఫ్యాను ఆపింది పసిగుడ్డుకి గాలి తగలకూడదని. మొన్న మీటరు చూసే యోహాను బిల్లు చేతికిస్తూ, "ఏంది పిన్నమ్మా, ఇంట్లో మిల్లేమన్నా పెట్టారా?" అని అడిగాడు. ఆ కాగితం మీ మొహాన కొట్టి చూపిద్దామనుకున్నాను. ఇంద్రజ లాక్కుని దాచింది.

ఇంత చేసినా ఆ గది చల్లబడటంలేదు. మొదటి నాలుగు రోజులు వణికించింది. ఇప్పుడు దాని ముందు నిలబడితే ముసలివాడు ఊదినట్టు ఉంది. ఒకటి మాత్రం అర్థమైంది నాకు. మీ ఇంట్లో పనికిరానిదాన్ని మా ఇంటికి తోలారు.

పిల్లవాడికి నాలుగు రోజులుగా దగ్గు. పిల్లల డాక్టరు చూసి, "ఇంట్లో పొగ ఏమన్నా ఉందామ్మా? ఎవరన్నా తాగుతారా?" అని అడిగాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన వాకిట్లోనే కాలుస్తారు, గడప దాటి లోపలికి తేలేదు ఎప్పుడూ. అయినా ఆ సాయంత్రమే చుట్టల కట్ట మొత్తం పొయ్యిలో పెట్టేశారు. నలభై ఏళ్ళ అలవాటు. మూడు రోజుల నుంచి ఎవరు పలకరించినా కసురుకుంటున్నారు. దగ్గు మాత్రం తగ్గలేదు.

మీ మాట కూడా నేను జవదాటలేదు. తెల్లవారి ఒకసారి, దీపాల వేళ ఒకసారి సాంబ్రాణి వేస్తూనే ఉన్నాను. దగ్గు మొదలైనప్పటి నుంచి ఇంకాస్త ఎక్కువే వేస్తున్నాను. తలుపులు బిగించి, సందుల్లో మీరు చెప్పినట్టే పాత చీర పేలికలు కుక్కి. పొట్లం అయిపోతే ఇక్కడి కొట్లో ఇంకో రెండు కొన్నాను. రేపు నా వల్ల తప్పు జరిగిందని మీరు అనడానికి లేదు.

కోటమ్మ


నరసరావుపేట,
3 మే 2025, శనివారం.

కోటమ్మ వదినగారికి,

ఈ ఉత్తరం రాస్తున్నాను. కోపంతోనే.

మా ఏసీ పనికిరానిది కాదు. కిందటి నెల పదో తారీకు దాకా మా ఇంట్లో పది నిమిషాల్లో గది చల్లబరిచింది. రెండు వారాల్లో దానికి ముసలితనం ఎట్లా వచ్చింది? మీ బిల్లు చూసిన నాడే మీరు దాన్ని ఆపడం మొదలుపెట్టారు. విశాల్ వస్తాడని తెలిసిన ఆదివారం పూట ఓ గంట ముందు వేస్తున్నారు. ఈమధ్య వాడు నోరు విప్పి ఏదీ చెప్పడు, "బానే ఉందిలే అమ్మా" అంటాడు. ఈసారి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు, గది ఉడుకుతోందని, పిల్లవాడి మెడంతా చెమటకాయలని, ఇంద్రజ చీర కొంగుతో విసురుకుంటోందని. ఆ బిల్లు ఎంతో చెప్పండి, నేను కడతాను. రెండు నెలలదీ కడతాను. బిల్లు కోసం బిడ్డను ఉడకబెట్టకండి.

గురువారం పిల్లవాడికి ఊపిరి అందక, పాలు పట్టలేక, ఆస్పత్రిలో మూతికి మిషను పెట్టి మందు పీల్పించారట. నాకు ఫోన్ చేసింది ఎవరు? ఎవరూ చెయ్యలేదు. శుక్రవారం విశాల్ మొహం చూసి కనిపెట్టాను. అన్నయ్యగారు చుట్ట మానేశారంటే నేను నమ్మను. నలభై ఏళ్ళ చుట్ట ఒక్క పూటలో పోతుందా? పెరట్లో నక్కి కాలుస్తూ ఉంటారు.

ఒక బిడ్డను వేసవిలో చేతులారా పోగొట్టుకున్న తల్లి, రెండోసారి అయినా జాగ్రత్తగా ఉంటుందని అనుకున్నాను. అనుకోవడం నా తప్పు.

బాబును, ఇంద్రజను వెంటనే ఇక్కడికి పంపించండి. మూడో నెల దాకా ఆగే పద్ధతులు నాకు అక్కర్లేదు.

సుకన్య


గురజాల,
4 మే 2025, ఆదివారం.

సుకన్యగారికి,

వదినా అని రాయడానికి చెయ్యి రావడంలేదు.

మీ ఉత్తరం ఇంద్రజ చదివింది. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని, మంచం మీద కూర్చుని, గట్టిగా చదివి నాకు వినిపించింది. బిల్లు గురించి చదివినప్పుడు, "మీ అత్తకి పెద్ద నోరేనే" అన్నాను నేను. తర్వాత ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. సగంలో ఆగింది. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి పైకి వినబడకుండా చదువుకుంది. తల ఎత్తి, "అమ్మా, ఇదేంది?" అని అడిగింది.

దానికి తెలియదు. దానికంటే ముందు ఒకడు పుట్టాడని దానికి ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా మా ఆయన మాట మీద నోరు మూసుకుని ఉన్నారు. పెళ్ళి మాటలప్పుడు మీ వంటగదిలో, అన్నాలు వడ్డిస్తూ, మీరు మంచివాళ్ళనుకుని నేను మీకొక్కరికే చెప్పుకున్న మాట అది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను చించుకున్నాను, మీరు దాన్ని నా కూతురి చేత చదివించారు. ఇకమీద ఏం రాసినా ఇంద్రజే చదువుతుందని మొదటి ఉత్తరంలోనే రాశాను. మరిచిపోయారా, మరిచిపోనట్టే రాశారా?

మీ బిల్లు డబ్బులు మాకొద్దు. మీ ఏసీ మాకొద్దు. ఇక్కడ ఏసీలు బాగుచేసే జిలానీకి కబురు పెట్టాను, రేపు వచ్చి గోడ మీద నుంచి విప్పేస్తాడు. ఎట్లా వచ్చిందో అట్లాగే ఆటోలో మీ వాకిట్లో దిగుతుంది. మీ వీధిలో వాళ్ళు చూసి అడుగుతారు, అప్పుడు మీరు చెప్పుకోండి ఏం చెప్పుకుంటారో.

ఇంద్రజ ఎక్కడికి వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఇంద్రజనే అడగండి. నాతో మాట్లాడటంలేదు.

కోటమ్మ


నరసరావుపేట,
5 మే 2025, సోమవారం.

వదినా,

విశాల్ సెలవు పెట్టి మీ ఊరు వస్తున్నాడు, వాడి చేతికి ఇది ఇస్తున్నాను.

నాకు గుర్తులేదు. ఇంద్రజ చదువుతుందని ఆ క్షణాన నిజంగా గుర్తులేదు. గుర్తుంటే రాసేదాన్ని కానని చెప్పడానికి కూడా లేదు, మీరే చదివినా అది రాయకూడని మాటే. బిడ్డ ఆస్పత్రిలో ఉన్నాడని నాకు ఎవరూ చెప్పలేదన్న మంటలో, మీకు ఎక్కడ కొడితే తగులుతుందో వెతికి మరీ కొట్టాను. తప్పు చేశాను.

ఏసీ మాత్రం విప్పించకండి. నామీద కోపం గోడమీద చూపించకండి. ఎండలు ఇంకా నెల ఉన్నాయి.

సుకన్య


గురజాల,
8 మే 2025, గురువారం.

వదినగారికి,

సెలవు అయిపోయి మీ అబ్బాయి ఈ సాయంత్రం బయల్దేరుతున్నాడు, ఇది అతని చేతికిస్తున్నాను. మీ చీటీ వచ్చేలోపే జిలానీ వచ్చేశాడు.

సోమవారం పొద్దున నిచ్చెన వేసుకుని ఎక్కాడు. విప్పే ముందు మూత తెరిచాడు. "పిన్నమ్మా, ఒకసారి ఇట్లా రాండి, చూడండి" అన్నాడు. లోపల నుంచి గాలి వడకట్టే జాలీ ఒకటి లాగి నా చేతికిచ్చాడు. అది నల్లగా ఉంది వదినా. వంటింటి పొగగొట్టం కూడా అంత నలుపు ఉండదు. వేలు పెడితే జిగురు, తీస్తే వేలికి అంటుకుని సాగుతోంది. దానిమీద మా కళ్ళంలోని మిరప దుమ్ము పేరుకుని ఉంది. "గాలి రావడానికి దారి లేదు, అది మటుకు ఏం చేస్తది? ఊపిరాడక రాత్రింబగళ్ళు గింజుకుంటంది, అందుకే మీకు అంత బిల్లు" అన్నాడు. తర్వాత వాసన చూశాడు. "సాంబ్రాణా?" అని అడిగాడు.

"అవునయ్యా, రోజూ రెండు పూట్లా ఏస్తన్నాం, పిల్లోడికి మంచిదని" అన్నాను.

"తలుపులు మూసా?"

"మూసే."

అతను నిచ్చెన మీద నుంచి దిగాడు. జిలానీ మర్యాద మనిషి, అమ్మా అయ్యా అనకుండా మాట్లాడడు. ఆ రోజు మాత్రం నా మొహంలోకి చూసి, "ఏసీకైతే ఈ జాలీ ఉంది పిన్నమ్మా, పొగంతా పట్టింది. పిల్లోడికి ఏముంది?" అన్నాడు.

డాక్టరు ఇంట్లో పొగ ఉందా అని అడిగినప్పుడు నా చేతికి ఇంకా సాంబ్రాణి వాసన ఉంది వదినా. ఆ చేత్తోనే పిల్లవాణ్ణి ఎత్తుకుని, లేదండీ అని చెప్పాను. సాంబ్రాణి పొగేమిటి, అది పద్ధతి గదా అనుకున్నాను. పొగంటే చుట్ట, పొగంటే లారీ. ఆయన చేత నలభై ఏళ్ళ చుట్ట మానిపించాను, బొగ్గుల కుంపటి మాత్రం నా చేత్తో మోసుకెళ్ళి వాడి మంచం కింద పెట్టాను. దగ్గుతుంటే ఇంకో చిటికెడు వేశాను.

జిలానీ మాట వింటూ గడప దగ్గర నిలబడ్డ ఇంద్రజ, పేలికలన్నీ పీకి పారేసి, కుంపటి పెరట్లోకి విసిరికొట్టింది. రోజంతా నాతో మాట్లాడనిది అప్పుడు మొదలుపెట్టింది.

"అత్తయ్య చెప్పింది, నువ్వు చేశావు. సరే. నీ కళ్ళముందు వాడు ఊపిరందక ఎగరోస్తంటే నీకు నోరు లేదా? బిల్లుకి జంకనని నువ్వు, బిల్లు నే కడతానని ఆమె. నా పిల్లోడి గదిలో మీ ఇద్దరూ మీ పరువులు ఆరబోసుకున్నారు. ఈ గదిలో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో ఇంక నేను చెప్తా."

కుంపటి తగిలి ఇంద్రజ వేలు కాలింది. నేను వెన్న రాయబోతే చెయ్యి లాక్కుంది.

మీకు ఒకటి చెప్పాలి. ఇంద్రజకి మంగళవారం చెప్పాను, మీకూ చెబుతాను. మీ వంటగదిలో ఆనాడు మొత్తం చెప్పలేదు. తొంభై ఆరు మే నెల, రోహిణి కార్తె. బాలింత గది తలుపు తియ్యకూడదని మా అత్తగారు గడియ పెట్టించింది. కిటికీలకి గోనెపట్టాలు. బాలింత నీళ్ళు తాగకూడదని రోజుకి రెండు గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చింది. నా పాలు ఎండిపోయాయి. వాడి ఒళ్ళు పెనంలా కాలుతుంటే, "తలుపు తియ్యండత్తా" అని ఒక్కసారి అడిగాను. కసిరింది. రెండోసారి అడగలేదు. పందొమ్మిదో రోజున పోయాడు. ఇంకో రెండు రోజులుంటే బారసాల, పేరు కూడా పెట్టలేదు. ఇంద్రజ అదే అడిగింది ముందు, వాడి పేరేందని.

చేతులారా పోగొట్టుకున్నానని రాశారు. కోపంతో రాశారు, కాని అబద్ధం రాయలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి నన్ను నేను అనుకుంటున్న మాటే అది. ఆనాడు మా అత్తగారికి ఎదురు చెప్పలేక ఒకణ్ణి పోగొట్టుకున్నాను. ఇప్పుడు మీరు వేలెత్తి చూపకూడదని, మీరు చెప్పింది చెప్పినట్టు చేసి రెండోవాణ్ణి ఆస్పత్రి దాకా తీసుకెళ్ళాను. నా కోపం మీమీద సగమే. మిగతా సగం ఎవరిమీదో మీకు చెప్పక్కర్లేదు.

పిల్లవాడు తేరుకుంటున్నాడు. నిన్న రెండుసార్లే దగ్గాడు, పాలు బాగా తాగుతున్నాడు. జిలానీ జాలీ కడిగి, లోపల సందులన్నీ నీళ్ళు కొట్టి శుభ్రం చేశాడు. ఇప్పుడు ఇంద్రజ పొద్దునా సాయంత్రం కాసేపు కిటికీలు తీస్తోంది. ఎండ ముదిరాక మూసి, ఇరవై ఏడు పెట్టి, ఫ్యాను మెల్లగా వేస్తోంది. గది హాయిగా ఉంది. గట్టిగా ఎండ ఉన్నప్పుడు తప్ప మిషను తిరిగిన చప్పుడే వినబడటంలేదు. ఏసీ విప్పించలేదు.

కోటమ్మ


నరసరావుపేట,
10 మే 2025, శనివారం.

వదినా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈసారి అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. మీరే చదువుకోండి, ఇంద్రజ చేతికి ఇవ్వకండి.

ఆ జాలీని నేను పదిహేను రోజులకోసారి కడుగుతాను. పొయ్యి తుడిచినట్టు, గిన్నె కడిగినట్టు, చేస్తున్నానని కూడా తెలియకుండా చేస్తాను. అందుకే రాయలేదు. తొమ్మిది నియమాలు రాసిన సైన్సు టీచరు అసలైనది రాయలేదు. ఇది చిన్న తప్పు. దీన్ని ఒప్పుకోవడం నాకు సులువు.

రెండోది సులువు కాదు. తలుపు సందుల్లో గుడ్డ కుక్కమన్నది నేనే. ఆ మూసిన గదిలో బొగ్గులు రాజేసి పొగ పెట్టమన్నదీ నేనే. గాలి ఆడని చోట బొగ్గులు కాలితే ఏమవుతుందో ముప్ఫై రెండేళ్ళు ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠం చెప్పాను వదినా. పరీక్షలో ప్రశ్న ఇచ్చాను. రాయని వాళ్ళని బెంచీ ఎక్కించాను. మా విశాల్‌కి సాంబ్రాణి వేసిన ఇల్లు పెంకుటిల్లు, నాలుగు పక్కలా గాలి. అది ఆలోచించలేదు. మా అత్తగారి పద్ధతి దగ్గరికి వచ్చేసరికి నా చదువు గడప బయట చెప్పులతో పాటు విడిచేశాను. మీరైనా భయపడి చేశారు. నేను తెలిసి, గర్వంతో చెప్పాను. తల వాసన చూస్తానని బెదిరించాను కూడా.

చేతులారా అన్న మాట నాది. అది ఇప్పుడు ఎవరికి తగులుతుందో నాకు తెలుసు.

విశాల్‌తో ఇంద్రజకి కబురు పెట్టాను, ఆదివారం వాడితో వచ్చి బాబుని చూస్తానని. జవాబు రాలేదు. వద్దంటే రాను. రావచ్చంటే వాకిట్లోనే నిలబడి, దూరం నుంచి ఒకసారి చూసి, అదే బస్సుకి తిరిగి వెళ్ళిపోతాను. వాణ్ణి ఎత్తుకుంటానని అడగను.

సుకన్య


గురజాల,
11 మే 2025, ఆదివారం.

వదినా,

మీ ఉత్తరం నేనే చదువుకున్నాను. ఎడమకంటితో గంట పట్టింది.

మీరు వస్తారేమోనని పొద్దున బస్సు వేళకి వీధి దాకా వెళ్ళాను. మీ అబ్బాయి ఒక్కడే దిగాడు.

మీరు రాసిన ఆ మాట నేను మరిచిపోతానని అనుకోకండి. మరిచిపోను. బారసాల నాడు మీ తోడికోడళ్ళ ముందు అన్నది కూడా మరిచిపోలేదు. కాని పిల్లవాడు నిన్న ఒక్కసారి కూడా దగ్గలేదు. ఈ సంగతి సంతోషంగా చెప్పుకోవడానికి నాకు మనిషి లేడు. మా ఆయన చుట్ట లేక గోడలతో పోట్లాడుతున్నారు. ఇంద్రజేమో సోమవారం తెరిచిన నోరు ఇంతవరకూ మూయలేదు. పాలిచ్చేటప్పుడు ఒక విడత, పిల్లవాడు నిద్రపోయాక ఒక విడత. అన్నీ నిజాలే అంటోంది. మీ గురించి అనేవి కూడా నన్నే నిలబెట్టి అంటోంది. రావద్దని మాత్రం అనలేదు. "వస్తే రమ్మను, ఆమెకి చెప్పాల్సింది చానా ఉంది నా దగ్గర" అంది.

వాకిట్లో నిలబడి పోతే కుదరదు. లోపలికి వచ్చి కూర్చోవాలి. తిట్లు ఇద్దరివి, ఒక్కదాన్నే పడలేకపోతున్నాను. వచ్చి మీ సగం మీరు పడండి.

కోటమ్మ